మిద్దె తాళంచెవి

ఇల్లు ఎంత ఉంటుందని అడిగితే మా ఓనరు 240 చదరపు అడుగులని చెబుతారు. ఒక ఆదివారం నేను టేపు తీసుకుని గోడకూ గోడకూ మధ్య కొలిచాను. హాలు 11 అడుగులకు 10, వంటగది 8 అడుగులకు 6, బాత్రూమ్ 6 అడుగులకు 4. కలిపితే 182. మిగిలినదంతా గోడల మందం, గుమ్మం ముందు చెప్పులు విడిచే చోటు, మెట్ల మలుపులో మా వంతు. ఇందులో నేను, మా ఆయన, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, మా అత్తగారు నలుగురం ఉంటున్నాం. తిరుపతిలో లక్ష్మీపురం సర్కిల్‌కు దగ్గర్లో ఒక సందు. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. మాది పైన, తూర్పు వైపుది. దాని మీద మిద్దె, అంటే ఇంటి కప్పు మీది ఖాళీ చోటు.

చిన్న ఫ్లాట్ల మీద వచ్చే వీడియోలు నేనూ ఇష్టంగా చూస్తాను. గోడలోకి మడిచే మంచం, మెట్ల కింద సొరుగులు, దించితే బల్లగా మారే తలుపు. ఆ పనితనం మెచ్చుకోవలసిందే. కానీ వాటిలో ఎప్పుడూ ఒక్కరే కనిపిస్తారు, మహా అయితే భార్యాభర్తలిద్దరు. ఆయాసంతో రాత్రి లేచి కూర్చునే పెద్దవాళ్లు ఉండరు. పరీక్షలకు చదివే పిల్ల ఉండదు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవలసిన మనిషి ఉండదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు అసలే ఉండరు. ఇంటి కొలత చెప్పేటప్పుడు ఆ అంకెను అందులో ఉండే తలలతో భాగించి చెప్పాలని నేనంటాను. మా ఇంట్లో తలకు 45 చదరపు అడుగులు వస్తుంది. 6 అడుగులకు 3 అడుగుల మంచాలైతే రెండున్నర పడతాయి. మనిషి నడవడానికి, వండడానికి, స్నానానికి, చదువుకోవడానికి, ఒంటరిగా కాసేపు ఏడవడానికి కూడా అందులోనే చోటు చూసుకోవాలి.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ పడితే రాత్రి 8కి వెళ్లి ఉదయం 8 దాటాక బయటపడతాను. మా ఆయన కొండ బస్సు డ్రైవరు. ఆయనకు మొదటి ట్రిప్పు పడిన రోజు తెల్లవారుజామున మూడింటికే అలారం మోగుతుంది. ఇలాంటి ఇంట్లో గదులు లేకపోతే వాటి పని గంటలు చేస్తాయి. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు హాలు నాకు పడకగది. సాయంత్రం అమ్మాయి కాలేజీ నుంచి వచ్చాక అదే బట్టలు మడతపెట్టే చోటు, అదే భోజనాల గది. రాత్రి ఎనిమిదిన్నరకు మా ఆయన చాప పరుస్తారు, అప్పటి నుంచి అది ఆయన గది. ఎవరి వేళ వారికి ఉంది. ఆ వేళను మరొకరు ఆక్రమిస్తేనే ఇంట్లో మాట పెరుగుతుంది. అడుగుల తక్కువ వల్ల మా ఇంట్లో గొడవ జరిగింది తక్కువ.

పగలు నేను పడుకునే ఆ ఐదు గంటల్లో మా అత్తగారు చేసే పని గురించి చెప్పాలి. వంటగదికి తలుపు లేదు, చీర కొంగుతో కుట్టిన తెర ఒక్కటే ఉంది. ఆమె ఆ సమయంలో కుక్కర్ పెట్టదు. పప్పును గిన్నెలోనే, మూత వేసి, సన్న మంట మీద ఉడికిస్తుంది. కడిగిన స్టీలు పళ్లేలను ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో పాత పంచె గుడ్డ ముక్క వేస్తుంది, చప్పుడు రాకూడదని. చెంబు గట్టు మీద పెట్టే ముందు చిటికెనవేలు అడుగున ఆనించి, ఆ తరువాత వేలు మెల్లగా లాగుతుంది. ఎవరూ ఆమెకు నేర్పలేదు. ఒకరోజు నిద్ర పట్టక పడుకుని తెర సందులోంచి చూసి తెలుసుకున్నాను. ఆమెకు నేను చూసిన సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఇంటికి మరో గది ఉండి, మధ్యలో తలుపు ఉండి ఉంటే, ఆమె నాకోసం ఇంత చేస్తుందని నాకు తెలిసేదే కాదు. అలాగని తలుపు వద్దని నేను అనను. తలుపు కావాలి. డెబ్బై దాటిన మనిషి తన వంటగదిలో తాను చప్పుడు చేసుకునే హక్కు ఆమెకు ఉండాలి.

అమ్మాయి చదువు రాత్రి తొమ్మిది తరువాత వంటగదిలో సాగుతుంది. పొయ్యి ఆపి, గట్టు తుడిచి, గ్యాస్ కట్టేశాక ఆ రెండడుగుల వెడల్పు నాపరాయి గట్టే తన బల్ల. నిలబడి వండే ఎత్తు కాబట్టి మామూలు కుర్చీ చాలదు. ఫ్యాన్సీ షాపుల్లో ఉండే పొడవైన స్టూలు ఒకటి పాత సామాన్ల దుకాణంలో దొరికితే కొన్నాం. గోడకు ఒక చిన్న ఎల్ఈడీ బల్బు, అట్టతో చేసిన గొడుగు. వెలుతురు పుస్తకం మీదే పడాలి, హాల్లోకి రాకూడదు. పోపు డబ్బా పక్కన ఫిజిక్స్ పుస్తకం పెట్టుకుని చదివే పిల్లలు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. వారి మార్కుల గురించి మాట్లాడేవారు ఒకసారి ఆ గట్టు ముందు కూర్చుని చూడాలి. శనాదివారాలు తను వర్సిటీ ఆవరణలోకి వెళ్లి చెట్ల కింద చదువుకుంటుంది. ఆ చెట్లు మా ఇంట్లో ఒక గదితో సమానమని నేను నిజంగానే లెక్క వేసుకుంటాను.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిందే. నేల మీద చోటు లేనివాళ్లు గోడల మీద బతకాలి. మాకు మూడు వైపులా సజ్జలు ఉన్నాయి. పరుపులు, పండుగ గిన్నెలు, అమ్మాయి పాత పుస్తకాలు అన్నీ పైనే. బీరువా ఒకటే. మనిషికి ఒక అర. నిండితే ఒకటి తీసేసి ఒకటి పెట్టుకోవాలి. అంతే.

కానీ గోడ అనగానే ఒక సంగతి గుర్తొస్తోంది. మా వార్డులో పనిచేసే ఒక ఆయాకు టిడ్కో ఇల్లు, అంటే ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించినది, వచ్చింది. మన రాష్ట్రంలో ఆ ఇళ్లను 300, 365, 430 చదరపు అడుగులని మూడు కొలతల్లో కట్టారు. ఆమెది 300. లోపల మా ఇంటి కంటే ఎంతో నయం. విడిగా ఒక పడకగది ఉంది, సొంతమన్న ధైర్యం ఉంది. అయితే అవి షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. ఇటుక గోడ ఉండదు, గోడంతా ఇనుము, కాంక్రీటు కలిపి పోసినదే. బరువు మోసేది ఆ గోడే కాబట్టి తొలిచి అల్మరా పెట్టుకునే వీలు లేదు, సుత్తితో కొడితే మేకు వంగుతుంది తప్ప దిగదు. చిన్న ఇంటికి గోడే అటక, గోడే అల్మరా అని ఆ నమూనా గీసినప్పుడే ఎవరైనా అనుకుని, పోసేటప్పుడే నాలుగు అరలు విడిచిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆమె ఇప్పుడు బట్టలు ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టుకుంటోంది. ఇల్లు ఇచ్చినవారిని తప్పుపట్టడం కాదు, 300 అడుగుల్లో ఒక్కో అంగుళం ఎంత పనికొస్తుందో అందులో ఉండబోయేవారిని ముందే అడిగితే బాగుండేదని అంటున్నాను.

ఇక కిటికీ. నా వృత్తి వల్ల ఏ ఇంటికి వెళ్లినా ముందు నా కళ్లు వెళ్లేది అక్కడికే. గాలి ఆడని గదిలో ఒకరు దగ్గితే ఆ గాలినే అందరూ పీలుస్తారు. క్షయ రోగుల ఇళ్లలో మేం మొదట చెప్పేది మందుల గురించి, రెండోది కిటికీ గురించి. ఫ్లోరెన్స్ నైటింగేల్ కాలంలో కట్టిన పొడవాటి వార్డుల్లో రెండు వైపులా ఎదురెదురుగా ఎత్తైన కిటికీలు పెట్టారు. ఆమె గాలి కోసం అంత పట్టుబట్టింది. ఎదురెదురు కిటికీలు మాకు ఎలాగూ లేవు. ఉన్నది ఒక్కటే, 4 అడుగులకు 3. మన జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంట్లో ఒకే గది ఉంటే అది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు, అంటే సుమారు 102 చదరపు అడుగులు. గది ఎత్తు 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు ఉండాలి. తలుపులు కాక గాలి వచ్చే కిటికీల వైశాల్యం వేడి, పొడి ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు, వేడి, తేమ ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. మా హాలు 110 అడుగులు, కిటికీ 12. పదో వంతు లెక్కన కాగితం మీద మేం గట్టెక్కినట్టే.

కానీ అది స్లైడింగ్ కిటికీ. ఒక అద్దం పక్కకు జరిపితే రెండో అద్దం మీదికి వచ్చి ఆగుతుంది. ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. అంటే గాలికి దక్కేది 6 అడుగులే. వెలుతురు 12 అడుగులు, గాలి 6 అడుగులు. మే నెలలో తిరుపతి ఎండ తెలిసినవారికి ఈ తేడా ఎంతో తెలుస్తుంది. మా అత్తగారికి ఆయాసం. అగరుబత్తి, దోమల చక్రం, ఎండుమిరపకాయల పోపు, ఏదైనా సరే హాల్లో పొగ నిలిచిందంటే ఆమెకు ఊపిరిలో ఈల మొదలవుతుంది. ఓనరమ్మతో మాట్లాడి ఆ అల్యూమినియం చట్రం తీయించి, పాత ఇల్లు పడగొట్టిన చోట దొరికిన రెండు రెక్కల చెక్క కిటికీని పెట్టించాం. కర్ర వడ్రంగి ఒక పూటలో అమర్చాడు. రెండు రెక్కలూ బయటికి తీస్తే కిటికీ అంతా కిటికీయే. వంటగదిలో పొయ్యికి ఎదురుగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. దాన్ని వేసి హాలు కిటికీ తెరిస్తే గాలి ఇటు నుంచి అటు లాగుతుంది, తెర కొంగు వంటగది వైపు వాలుతుంది. ఆ వాలడం చూస్తే నాకు ప్రాణం లేచివస్తుంది. కొత్తగా అద్దెకు దిగేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: కిటికీ ఎంత ఉందని కాదు, ఎంత తెరుచుకుంటుందని చూడండి.

మా చిన్నాన్న కొడుకు జపాన్‌లో, టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి గది మా హాలు కంటే చిన్నది. అక్కడ గదుల్ని పరుచుకునే చాపల లెక్కలో చెబుతారట. ఆరు చాపల గది అంటే దాదాపు 10 చదరపు మీటర్లు. మొదట్లో వాడు ఫోనులో గది చూపిస్తే మా అత్తగారు "అయ్యో నాయనా, అంత దూరం పోయి నువ్వూ ఇలాగే ఉన్నావా?" అని బాధపడింది. "లేదు పెద్దమ్మా, ఇక్కడ గదిలో పడుకోవడమే. మిగతాదంతా బయటే" అన్నాడు వాడు. బట్టలు ఉతకడానికి వీధి చివర నాణేలు వేస్తే నడిచే యంత్రాల దుకాణం, కాళ్లు చాపుకుని వేడినీళ్ల స్నానం చేయడానికి ఊరందరికీ కలిపి స్నానశాలలు, ఏ వేళకు వెళ్లినా వేడి తిండి దొరికే అంగడి. గది ఆరు చాపలే కానీ వీధి కూడా ఇంటిలో భాగమే.

అదే ఊళ్లో 1972లో కిషో కురొకావా అనే వాస్తుశిల్పి 140 గుళికల్లాంటి గదులతో నకగిన్ క్యాప్సూల్ టవర్ కట్టాడు. ఒక్కో గది సుమారు 10 చదరపు మీటర్లు. మంచం, బల్ల, బాత్రూమ్ అన్నీ ముందే బిగించి తెచ్చి టవరుకు తగిలించారు. వంటగది లేదు. ఒక గుండ్రటి పెద్ద కిటికీ ఉంది, అది తెరుచుకోదు. పాతికేళ్లకొకసారి గదుల్ని తీసి కొత్తవి తగిలిస్తామని అనుకున్నారు, ఒక్కసారీ మార్చలేదు. 2022లో దాన్ని విప్పేశారు. ప్రపంచమంతా దాన్ని గొప్ప ఆలోచన అని పొగిడింది, ఆలోచన గొప్పదే. కానీ తెరుచుకోని కిటికీ ఉన్న పది మీటర్ల గదిలో మా అత్తగారిని నేను ఒక్క రాత్రి కూడా పడుకోనివ్వను.

హాంకాంగ్ సంగతి చదివితే మనసు చివుక్కుమంటుంది. అక్కడ ఒక ఫ్లాటును చెక్కలతో అడ్డం కట్టి ముక్కలు చేసి అద్దెకిస్తారు. మరీ పేదలు, ఒంటరి ముసలివారు ఇనుప వల చుట్టిన మంచం ఒక్కటే అద్దెకు తీసుకుని బతికిన రోజులున్నాయి. అలా ముక్కలు చేసిన ఇంటికైనా కనీసం 8 చదరపు మీటర్లు, కిటికీ, విడిగా మరుగుదొడ్డి ఉండి తీరాలని 2025లో అక్కడ చట్టం చేశారు. 8 మీటర్లంటే 86 చదరపు అడుగులు. చట్టం చేసి మరీ ఇంత మాత్రమైనా ఇవ్వండి అనవలసి వచ్చిందంటే, అంతకు ముందు మనుషులు ఎక్కడ పడుకున్నారో ఊహించుకోండి.

నియమాలన్నీ గదిని కొలుస్తాయి. నేలెంత, ఎత్తెంత, కిటికీ ఎంత. కొలవాలి కూడా, ఆ అంకెలు లేకపోతే ఓనర్లు మమ్మల్ని అటక మీద పడుకోబెడతారు. కానీ మా ఇంటిని నిజంగా నివాసయోగ్యం చేసింది ఏ కొలతలోకీ రాని మిద్దె.

మిద్దె మీద మా నాలుగు పోర్షన్లకూ నాలుగు దండేలు ఉన్నాయి. నీళ్ల ట్యాంకు నీడలో మా అత్తగారి తులసి కుండీ, మూడు టమాటా మొక్కలు. వేసవిలో వడియాలు, ఒరుగులు అక్కడే. సాయంత్రం ఆరు దాటితే ఉత్తరాన శేషాచలం కొండ నల్లగా కనిపిస్తుంది, ఘాట్ రోడ్డు దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతాయి. మా ఆయన కొండ మీద డ్యూటీలో ఉంటే అమ్మాయి ఆ దీపాల మధ్య కదిలే బస్సు లైట్లు చూపించి "అదిగో నాన్న బస్సు" అనేది చిన్నప్పుడు. మేం భార్యాభర్తలం ఇంటి ఖర్చుల గురించి, అమ్మాయి పెళ్లి గురించి, అప్పుల గురించి మాట్లాడుకున్న ప్రతి మాటా మిద్దె మీద మాట్లాడుకున్నదే. హాల్లో నలుగురి ముందు ఏ మాట మాట్లాడగలం? అమ్మాయి తన స్నేహితురాలితో ఫోను మాట్లాడేదీ అక్కడే. పిట్టగోడకు ఆనుకుని, మాకు వీపు పెట్టి. ఆ వయసు పిల్లకు వీపు పెట్టి నిలబడే చోటు ఉండాలి.

చుట్టాల సంగతి చెప్పకుండా తిరుపతిలో చిన్న ఇల్లు గురించి చెప్పినట్టు కాదు. ఈ ఊళ్లో ఇల్లుంటే చుట్టాలకు కొదవ లేదు. దర్శనానికి వచ్చేవారు ముందు మన గుమ్మం తొక్కి కానీ కొండెక్కరు. తెల్లవారుజామున రైలు దిగి తలుపు తడతారు. మా ఆయన మేనత్త, ఆమె ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పిల్లలు. సంచులు, పక్కబట్టలు, పులిహోర మూటలు. శ్రీనివాసం, విష్ణునివాసం లాంటి వసతి సముదాయాలు ఉన్నాయి, టోకెన్లు కూడా అక్కడే ఇస్తారు. అక్కడ దిగండని చెబితే ఎవరూ నొచ్చుకోరు కానీ, మేనత్తకు మేం ఎలా చెబుతాం? చిన్న పిల్లవాడికి మొదటి తలనీలాలు ఇవ్వడానికి వస్తున్న మనిషిని గుమ్మంలో నిలబెట్టలేం.

అప్పుడు 182 అడుగులు ఎలా సాగుతాయో చూడాలి. బాత్రూమ్‌కు వరుస. పెద్దవాళ్లు ముందు, పిల్లల్ని మిద్దె మీద ట్యాంకు దగ్గర బకెట్లతో స్నానం చేయిస్తారు. మగవాళ్లందరికీ పడక మిద్దె మీద, చాపలు, దుప్పట్లు, కిందింటివాళ్ల నవారు మంచం ఒకటి అరువు. హాల్లో ఆడవాళ్లు అడ్డంగా, ఒకరి కాళ్ల దగ్గర ఒకరి తల రాకుండా. వంటగదిలో అమ్మాయి, దాని వయసు పిల్ల. వారి సామాను రెండు రోజులు మా ఇంట్లోనే ఉంటుంది. కొండ దిగి గుండ్లకు చందనం రాసుకుని వచ్చి, మిద్దె మీద వరుసగా కూర్చుని లడ్డూ తుంచి పంచుతారు. పక్క పోర్షన్ల వాళ్లకు కూడా వెళుతుంది. వైకుంఠ ద్వార దర్శనాల పది రోజుల్లో, మే నెల సెలవుల్లో, గంగమ్మ జాతరలో మా సందులో ఏ మిద్దె చూసినా దుప్పట్లే. పెద్ద ఇళ్లు ఉన్న మా బంధువులు కొందరు "మీరు ఆ ఇంట్లో అంతమందిని ఎలా సర్దుతారు?" అని ఆశ్చర్యపోతారు. సర్దేది మిద్దె.

2021 నవంబరు వానలకు తిరుపతి పల్లపు కాలనీలు మునిగినప్పుడు మా సందులోనూ నీళ్లు వచ్చాయి. కింది పోర్షన్లలోకి మోకాలి లోతు. రెండు కుటుంబాలూ పైకి వచ్చేశాయి. వానలో మిద్దె పనికిరాదు, కరెంటు లేదు, మోటారు లేదు. మా హాల్లో, పక్కింటి హాల్లో, మెట్ల మీద మనుషులే. పెద్ద గిన్నెలో కిచిడీ వండాం. కిందింటి ముసలాయనకు ఇన్సులిన్ ఉంది, ఫ్రిజ్ లేదు, దాన్ని మట్టికుండ నీళ్లలో గాజు సీసాలో పెట్టి కాపాడాను. ఆ రాత్రి ఎవరికీ ఇల్లు చిన్నదన్న మాట గుర్తుకు రాలేదు. కానీ అలాంటి రాత్రులను చూపించి "చిన్న ఇళ్లలో ప్రేమలెక్కువ" అని రాసేవారంటే నాకు కోపం. ఆపదలో ఎక్కడైనా మనుషులు దగ్గరవుతారు. తెల్లారితే ఆ మనుషులకు ఎవరి చోటు వారికి కావాలి.

ఆ తరువాత ఒక ఏడాది ఎండాకాలంలో మిద్దెకు తాళం పడింది. కింద కొత్తగా దిగినవారి నాలుగేళ్ల పిల్లవాడు గాలిపటం కోసం పిట్టగోడ ఎక్కాడు. ఆ గోడ నడుము దాకా కూడా రాదు. ఎవరో చూసి పట్టుకున్నారు. ఓనరమ్మ ఆ సాయంత్రమే తాళం వేసేసింది. ఆమె భయం న్యాయమైనదే, ఏదైనా జరిగితే తన ఇల్లు కదా. కానీ ఆ తాళంతో మా ఇల్లు ఒక్క రోజులో సగమైంది. కొలతల్లో ఒక్క అంగుళం తగ్గలేదు, అయినా సగమైంది. తడి బట్టలు హాల్లో తాడు మీద, వాటి కింద భోజనాలు. చెమ్మకు గోడ మూల నల్లబడింది, అత్తగారికి ఈల పెరిగింది, ఆమె ఇన్‌హేలర్ వాడకం పెరిగింది. మాట్లాడుకోవలసినవన్నీ మేమిద్దరం ఆయన డిపో నుంచి వచ్చే దారిలో, రోడ్డు పక్క టీ బంకు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. అమ్మాయి ఫోను మానేసింది. మానేసిందని సంతోషించలేదు నేను. దిగులుగా ఉండేది.

నేను వెళ్లి ఓనరమ్మ దగ్గర కూర్చున్నాను. "అక్కా, మిద్దె మాకు షోకు కాదు. మా అత్తకు అది మందు" అన్నాను. ఆమె మెత్తని మనిషే. "పిల్లలు పడితే ఎవరు చూస్తారమ్మా?" అంది. పిట్టగోడ మీద ఇనుప రెయిలింగు పెట్టిద్దామన్నాను. ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. నాలుగు పోర్షన్లవాళ్లం సగం పెట్టుకుంటాం, మిగతా సగం తనది అన్నాం. వెల్డింగు అబ్బాయి వచ్చి గోడ పొడవునా భుజం ఎత్తుకు పైపులు నిలబెట్టాడు. తాళం మాత్రం ఉంటుందంది ఆమె, సరే అన్నాం. తాళంచెవి మా అత్తగారి దగ్గర. తెల్లవారి ఐదింటికి తీస్తుంది, రాత్రి పదింటికి వేస్తుంది. చిన్న పిల్లలు పెద్దవాళ్లు లేకుండా పైకి రాకూడదన్నది ఆమె పెట్టిన నియమం. ఇంట్లో చెంబు చప్పుడు కాకుండా పెట్టే మనిషి మిద్దె గుమ్మంలో నిలబడి పిల్లల మీద ఎంత గట్టిగా అరుస్తుందో వినాలి.

ఈ మధ్య మా వీధిలోనే మిద్దెల మీద రేకుల గదులు లేస్తున్నాయి. చదువుకునే పిల్లలు, కోచింగ్‌కు వచ్చేవారు, ఆసుపత్రుల చుట్టూ తిరిగే రోగుల బంధువులు, ఎవరో ఒకరు అద్దెకు వస్తూనే ఉంటారు. ఓనరుకు నెలకు నాలుగు డబ్బులు అదనం, కాదనను. కానీ కింద పోర్షన్లలో ఉన్న నాలుగైదు కుటుంబాల మిద్దె ఆ ఒక్క గదితో పోతుంది. పైగా ఆ రేకుల గదిలో ఉన్నవాడు మే నెలలో ఉడికిపోతాడు. అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడు కరెంటు మీటరు, నీళ్ల బిల్లు, అడ్వాన్సు రాస్తాం. మిద్దె వాడుకోవచ్చన్న ఒక్క వాక్యం కూడా రాయించుకోండి. ఇల్లు చూడటానికి సాయంత్రం చల్లబడ్డాక కాకుండా మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. లైటు ఆర్పించి చూడండి. బట్టలు ఎక్కడ ఆరతాయని అడగండి. చుట్టాలొస్తే పైన పడుకోవచ్చా అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే ఓనరు ఇంట్లో దిగకపోవడమే మేలు.

కరకంబాడి రోడ్డు వైపు రెండు పడకగదుల ఇల్లు చూశాం. అద్దె ఇప్పటిదానికి రెట్టింపు, నా డ్యూటీకి, ఆయన డిపోకు దూరం. అపార్టుమెంటు మిద్దె మీద సోలారు పలకలు, డిష్‌లు, తాళం. అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా ఇక్కడే ఉందామని నిర్ణయించుకున్నాం.

ఈలోపు అక్టోబరు వచ్చిందంటే పెద్ద వానలు మొదలవుతాయి. మిద్దె మీద ఒక మూల, ట్యాంకు పక్కన, బట్టలు ఆరేసుకోవడానికి పది అడుగుల రేకుల పందిరి వేయించాలి. గోడలు ఉండకూడదని ముందే చెప్పాం, గోడలు ఉంటే రేపు అది అద్దె గది అవుతుంది. పైపులు, రేకులు, కూలీ కలిపి ఎంతవుతుందో వెల్డింగు అబ్బాయి కాగితం మీద రాసిచ్చాడు. పక్క పోర్షను వాళ్లు, కింద పడమటి పోర్షను వాళ్లు తమ వంతు ఇస్తామన్నారు. కింద తూర్పు పోర్షను వాళ్లు జీతాలు వచ్చాక చెబుతామన్నారు. ఓనరమ్మను అడగడానికి ఆదివారం మా అత్తగారే వెళుతోంది.